లీడ్స్‌లో "టీకి రండి" అంటే భోజనమా, ఉత్త టీనా?

ఇక్కడివాడే అయిన ఆఫీసు మిత్రుడు ఈ శనివారం సాయంత్రం 5:30కి మా ఇద్దరినీ "టీ"కి పిలిచాడు. లీడ్స్ ఉన్న ఉత్తర ఇంగ్లండ్‌లో చాలామందికి మధ్యాహ్న భోజనం డిన్నర్, సాయంత్రం భోజనం టీ అని చదివాను. లండన్ నుంచి వచ్చిన కొలీగ్ మాత్రం "కప్పు టీ, రెండు బిస్కెట్లు, అంతే" అంటాడు. "bath"ని బ్యాత్ అనాలా బాత్ అనాలా, చిప్స్ మీద గ్రేవీ పోయొచ్చా అని ఆ మిత్రుడికీ ఇతనికీ రోజూ సరదా గొడవే. ఎవర్ని నమ్మాలి? డిక్షనరీ చూస్తే రెండర్థాలూ ఉన్నాయి. ఏమైనా తేవాలా అని పిలిచిన మిత్రుడికి మెసేజ్ పెడితే "మీరొస్తే చాలు" అన్నాడు. పోయిన నెల ఇంకొకరింటికి శుభ్రంగా తినేసి వెళ్తే ప్లేటు నిండా చీజ్ పై (pie), ఆలుగడ్డ ముద్ద వడ్డించారు, మింగలేక చచ్చాం.

ఇక్కడ ఉంటున్నవాళ్లు చెప్పండి: 5:30 టీ అంటే ఖాళీ కడుపుతో వెళ్లాలా?