సింగపూర్ మూడు రోజులు, అమ్మతో: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

కిటికీసీటు:
అందరికీ నమస్తే. వచ్చే నెల అమ్మని తీసుకుని సింగపూర్ వెళ్తున్నా, ఇద్దరికీ మొదటిసారే. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా శుద్ధ శాకాహారి. మ్యాప్‌లో ఊరు అరచేతిలో పట్టేలా ఉందని సెంటోసా దీవి, జూ, మెర్లయన్ (సింహం తల, చేప ఒళ్లు ఉన్న విగ్రహం), చైనాటౌన్, బొటానిక్ గార్డెన్స్, లిటిల్ ఇండియా అన్నీ రాసేసుకున్నా. అన్నయ్య చూసి నవ్వాడు. నిజంగా కుదరదా? బస ఎక్కడైతే మంచిది?

బ్లూలైన్_బాబాయ్:
అన్నయ్య నవ్వడంలో తప్పేం లేదండి. నా ఉద్యోగం ఇక్కడే, చుట్టాలొస్తే గైడు డ్యూటీ నాదే. రైలు చకచకా దింపేస్తుంది, మనుషుల్ని పడగొట్టేది స్టేషన్ లోపలి నడక. బూగిస్‌లో గ్రీన్ లైన్ దిగి బ్లూ లైన్ ఎక్కాలంటే ఎంత నడవాలో! అమ్మగారు అక్కడే కూలబడతారు.

అందుకే లైను మారే పని పెట్టుకోకండి. డౌన్‌టౌన్ లైన్ (మ్యాప్‌లో నీలం రంగు) మీదే బొటానిక్ గార్డెన్స్, లిటిల్ ఇండియా, బేఫ్రంట్ (గార్డెన్స్ బై ద బేకి దిగేది ఇక్కడే), చైనాటౌన్ నాలుగూ ఉన్నాయి. బస లిటిల్ ఇండియాలో పెట్టుకోండి. ఎయిర్‌పోర్ట్ నుంచి మాత్రం ట్యాక్సీయే. అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 6 దాకా మీటరు మీద 50 శాతం అదనం, అది చూసుకోండి.

బొటానిక్ గార్డెన్స్‌కి పొద్దున్నే వెళ్లండి. ప్రవేశం ఉచితం, ఆర్కిడ్ తోటకే టికెట్టు. భూమధ్యరేఖకి ఒక్క డిగ్రీ పైన ఉన్న ఊరు, పదకొండు దాటితే బయట తిరగలేం. మధ్యాహ్నం గార్డెన్స్ బై ద బేలో క్లౌడ్ ఫారెస్ట్‌కి పోండి. అద్దాల గోపురం లోపల చల్లగా ఉంటుంది, 35 మీటర్ల జలపాతం. లిఫ్టులో పైకెళ్లి మెల్లగా దిగుతూ రావచ్చు.

సాయంత్రం 7:45కి అక్కడే సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన టవర్ల) కింద లైట్ల షో, ఉచితం. జనం నేల మీదే వెల్లకిలా పడుకుని చూస్తారు, మీరూ సిగ్గుపడకండి. అమ్మగారి కోసం కాస్త ముందే వెళ్లి అరుగు మీద చోటు పట్టండి. అదయ్యాక నిదానంగా మెరీనా బే శాండ్స్ హోటల్ వైపు నడిస్తే 9 గంటలకి నీళ్ల షో అందుతుంది. మెర్లయన్‌ని అక్కడినుంచే, నీళ్లకి అవతల చూసేయండి. విగ్రహం దగ్గరికెళ్లినా ఫొటో తప్ప ఇంకేం లేదు.

తడిగొడుగు:
బాబాయ్ గారు తిండి సంగతి వదిలేశారు. సెరంగూన్ రోడ్డులో కోమల విలాస్ ఉంది, పూర్తి శాకాహారం, అమ్మకి బెంగ అక్కర్లేదు. ఫుడ్ సెంటర్లలో మాత్రం కూరగాయల వంటకమే కదా అని ధీమాగా తినకండి. సంబల్ అనే మిరప పచ్చడిలో ఎండు రొయ్యల ముద్ద కలుపుతారు, కంటికి కనిపించదు. అడిగి తీసుకోండి. తిన్నాక ట్రే మీరే తీసి స్టాండులో పెట్టాలి, అక్కడ అది రూలు.

రైల్లో మన వీసా, మాస్టర్ కార్డులు నేరుగా ట్యాప్ చేయొచ్చు, విదేశీ కార్డుకి రోజుకి 60 సెంట్లు అదనం. ఒకే కార్డు ఇద్దరికీ పనిచేయదు, అమ్మకి వేరేది ఉండాలి.

ఇద్దరుపిల్లలతల్లి:
జూ తీసేయండి, దూరం, రోజంతా నడకే. సెంటోసా మాత్రం మొత్తం మానకండి అమ్మా. ఒక పూట బీచ్‌లో కూర్చున్నా పెద్దవాళ్లకి బాగుంటుంది.

బ్లూలైన్_బాబాయ్:
దానికి నేనొప్పుకోనండి, ఆ బీచ్ చూడ్డానికి అంత దూరం రావాలా? సరే, వెళ్తానంటే చైనాటౌన్‌లో ఊదా లైను ఎక్కితే రెండో స్టేషనే హార్బర్‌ఫ్రంట్, సెంటోసాకి దారి అక్కడినుంచే. లైను మారేది ఆ ఒక్కసారే.

కిటికీసీటు:
జూ కొట్టేశా. సెంటోసా అమ్మనే అడుగుతా. వీసా వచ్చేసింది, ఇంకేమైనా ఫారాలున్నాయా?

తడిగొడుగు:
ఎస్‌జీ అరైవల్ కార్డు. దిగే రోజుతో కలిపి మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, అమ్మది కూడా. ఇమిగ్రేషన్ వాళ్ల సైటులో పైసా ఖర్చు లేదు. డబ్బులడిగే సైటు కనిపిస్తే వెంటనే మూసేయండి.