విషయం: ఇంట్లో పెంచే పిల్ల తాబేలును చలికాలం నిద్రపుచ్చాలా?

లెస్టర్ నుంచి, కొత్తగా వచ్చినవాళ్లం:

అన్నలకు, అక్కలకు నమస్కారం. గుంటూరు నుంచి ఇక్కడికి, ఇంగ్లండ్‌కి, వచ్చి ఆరు నెలలైంది. ఇండియా తిరిగి వెళ్లిపోతున్న ఒక ఫ్యామిలీ వాళ్ల తాబేలు పిల్లను, చెక్క పెట్టెతో సహా మా పాపకు ఇచ్చి వెళ్లారు. హార్స్‌ఫీల్డ్ రకమట, ఏడాదిన్నర వయసు. రెండు వారాలుగా సరిగ్గా తినట్లేదు, మట్టిలో దూరి పడుకుంటోంది. ఆఫీసులో అడిగితే "నవంబర్ కదా, ఫ్రిజ్‌లో పెట్టేయ్" అన్నారు. నన్ను ఆటపట్టిస్తున్నారా? మా అమ్మమ్మేమో శ్రీకూర్మం గుడిలో తాబేళ్లు ఏ చలికాలమూ పడుకోవు అంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది.

రెడింగ్ నుంచి:

తమ్ముడూ, వాళ్లు ఆటపట్టించలేదు. ఇక్కడ చాలామంది పెద్ద తాబేళ్లను నిజంగానే ఫ్రిజ్‌లో 5 డిగ్రీల దగ్గర పడుకోబెడతారు. అమ్మమ్మ మాటా నిజమే. శ్రీకూర్మంలోవి నక్షత్ర తాబేళ్లు, వాటికి హైబర్నేషన్, అంటే చలికాలపు నిద్ర, లేదు. నీది కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ వైపు జాతి. అక్కడి చలికి మేత దొరకదు, ఎండ ఉండదు, అందుకే మట్టిలోకి పోతుంది. ఆ ఎండ, మేత నువ్వే ఇస్తే పిల్లకు ఆ అవసరం రాదు. ఒకటి రెండు చలికాలాలు మెలకువగా ఉంచితే నష్టమేమీ లేదు. పైగా తిండి మానేసిన పిల్లను, కారణం తెలియకుండా ఫ్రిజ్‌లో పెట్టకూడదు.

భయపడాల్సింది సగం నిద్రకి. బిల్లు చూసి మనందరం హీటింగ్ 16 దగ్గర పెట్టి స్వెట్టర్లు వేసుకుంటాం కదా, తాబేలుకి ఆ 16 అటూ కాదు, ఇటూ కాదు. ఆకలి చచ్చేంత చలి, గాఢంగా నిద్రపట్టనంత వెచ్చన. తిండి లోపలికి పోదు, ఒంట్లో ఉన్నది మాత్రం కరుగుతూనే ఉంటుంది. నా మొదటి చలికాలం నేను చేసిన తప్పు ఇదే. కన్సర్వేటరీలో (ఇంటికి ఆనుకుని ఉండే అద్దాల గదిలో) పెట్టి, పడుకుందిలే అనుకుని నెలన్నర తూచలేదు. 74 గ్రాములున్నది 61కి దిగింది. వెట్ దగ్గరికి పరిగెత్తాను. బతికింది, నా అదృష్టం.

ఇవాళే ఒక డిజిటల్ థర్మామీటర్ కొను. వేడినిచ్చే దీపం కింద, తాబేలు వీపు ఎత్తులో 30 నుంచి 35 ఉండాలి. పెట్టె రెండో చివర పగలు 20కి తగ్గకూడదు. యూవీబీ ట్యూబ్ (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చే లైటు) రోజుకు 12 గంటలు, టైమర్ ప్లగ్‌కి పెట్టేయ్. ట్యూబ్ ఎప్పుడు కొన్నారో వాళ్లను అడుగు, వెలుగుతున్నా ఏడాదికల్లా అందులో యూవీబీ పడిపోతుంది. పొద్దున్నే ఐస్‌క్రీమ్ డబ్బాలో గోరువెచ్చని నీళ్లు, గడ్డం దాకా మాత్రమే, పది నిమిషాలు. తల వంచి తాగుతుంటే గొంతు ఎగిసిపడుతూ కనిపిస్తుంది, పాపకు చూపించు. ప్రతి ఆదివారం వంటింటి త్రాసు మీద తూచి రాసుకో.

కోవెంట్రీ నుంచి:

అన్నయ్య చెప్పిందే చేయండి. నాలుగు రోజుల్లో మార్పు రాకపోతే సరీసృపాలు చూసే వెట్ దగ్గరికి వెళ్లండి, మామూలు కుక్కల డాక్టర్ కాదు. ముక్కు దగ్గర బుడగలు వచ్చినా, కళ్లు ఉబ్బినా నాలుగు రోజులు ఆగొద్దు. పండ్లు, అన్నం పెట్టకండి (మా అత్తగారు పెరుగన్నం పెట్టబోయారు!). మందులు కొట్టని చోట డాండిలయన్ (పసుపు పూల కలుపుమొక్క) ఆకులు కోసుకోండి. నిద్ర సంగతి పెద్దయ్యాక, ఒంట్లో బాగున్నప్పుడు, శరదృతువులోనే వెట్‌కి చూపించి ఆలోచించొచ్చు. అప్పటికీ మొదటిసారి కొద్ది వారాలే.

లెస్టర్ నుంచి, వారం తర్వాత:

దీపం కింద 19 చూపించింది అన్నా! వాళ్లు పెట్టింది మామూలు బల్బు. బల్బు, ట్యూబ్ రెండూ మార్చాను. మూడో రోజు మట్టిలోంచి బయటికొచ్చింది, నాలుగో రోజు డాండిలయన్ ఆకు కొరికింది. బరువు 83. ఇంకో సమస్య: సంక్రాంతికి మూడు వారాలు గుంటూరు వెళ్తున్నాం. ఆ మూడు వారాలైనా ఫ్రిజ్‌లో పడుకోబెట్టొచ్చా?

కోవెంట్రీ నుంచి:

వద్దు. పెట్టె, దీపం, టైమర్ అన్నీ కలిపి మా ఇంట్లో దింపేయండి. త్రాసు నా దగ్గరుంది.