బాల్కనీ దూలం లెక్కకన్నా ఎక్కువ వంగుతోంది, ఎందుకు?

హనుమకొండ_సైటు: ఐఎస్‌ఎంబీ 150 దూలం (150 మి.మీ. ఎత్తున్న ఐ ఆకారపు ఉక్కు దూలం), పిల్లర్‌కు బేస్ ప్లేటు, 4 బోల్టులు. బయటికి 1.5 మీటర్లు. 30 సిమెంటు బస్తాలు పొడవునా సమంగా పేర్చినం, మీటరుకు దాదాపు 10 కిలోన్యూటన్లు. ఐ విలువ (వంగకుండ ఆపే అడ్డకోత ఆకారపు కొలత) 726 సెం.మీ.⁴ పెడితే కొసన 4.4 మి.మీ. రావాలె. డయల్ గేజు (వంపు కొలిచే ముల్లు మీటరు) 6 మి.మీ. చూపిస్తుంది. తప్పెక్కడ?

కాజీపేట_స్ట్రక్చర్: లెక్క కరెక్టే అన్నా. కానీ ఆ వంపు లెక్కించే సూత్రం మొదలు కాడ (పిల్లర్ వైపు) దూలం అసలు తిరగదనుకుంటది. ప్లేటు పలచగుంటే వంగుతది, పైబోల్టులు సాగుతయి. 0.001 రేడియన్ (కోణం కొలత) తిరిగినా 1500 మి.మీ. కొసకు 1.5 మి.మీ. కలుస్తది. మొదలు కాడ ఒకటి, 300 మి.మీ. దూరంలో ఒకటి గేజు పెట్టు. అక్కడి రీడింగు లెక్కకన్నా ఎక్కువొస్తే దోషం బేస్‌దే. గసెట్ (ప్లేటుకు, దూలానికి కలిపి వెల్డు చేసే మూడు మూలల ఊత రేకు) వెయ్యి.

కరీంనగర్_ఫ్యాబ్: బస్తాలు దించినంక ముల్లు సున్నాకు రాకపోతే బోల్టు జారినట్టే. ఇంకోటి, అదే బరువంతా కొసకు చేరిస్తే 11.6 మి.మీ. వంగుతది. పేర్చుడు సరిచూడుండ్రి.

కాజీపేట_స్ట్రక్చర్: మొదలు కాడ మూమెంట్ (వంచే బలం) 11.25 కిలోన్యూటన్ మీటర్లు, స్ట్రెస్ (ఉక్కు మీద పడే ఒత్తిడి) 116 ఎంపీఏ (మెగాపాస్కల్). దూలానికి ఢోకా లేదు. పొడవుల 180వ వంతు లెక్కన 8.3 మి.మీ. దాకా నడుస్తది. బోల్టులే చూసుకో.