నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా: కొత్త రీఫ్ ట్యాంకులో నీటిని కావాలని ‘మురికి’ చెయ్యాలా?

తెల్లగవ్వ:
కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీటి ట్యాంక్ పెట్టి మూడో నెల నడుస్తోంది. మొత్తం డ్రై రాకే, అంటే జీవం లేని ఎండురాళ్ళే. అమ్మోనియా, నైట్రైట్ ఎప్పుడో సున్నాకొచ్చాయి. ఇప్పుడు నైట్రేట్, ఫాస్ఫేట్ కూడా సున్నాయే చూపిస్తున్నాయి. సాలినిటీ 1.025, ఆల్కలినిటీ 9 డీకేహెచ్, వేడి 26 డిగ్రీలు. అంకెలన్నీ బాగున్నాయి, కోరల్సే బాగాలేవు. టోడ్‌స్టూల్ లెదర్ పాలిప్స్ (పువ్వుల్లాంటి చిన్న నోళ్ళు) లోపలికి లాగేసుకుని మైనం పూసినట్టు మెరుస్తోంది. జోయాంథిడ్లు సగం మూసుకునే ఉంటున్నాయి. జీనియా గుండెలా కొట్టుకోవడం మానేసి పాలిపోతోంది. చేపలు రెండే. స్కిమ్మర్ (నురగతో మురికి లాగేది), జీఎఫ్ఓ (ఫాస్ఫేట్ పీల్చే ఇనుప గుళికలు) రెండూ రోజంతా నడుస్తాయి. ఒకరు వాటర్ చేంజ్ పెంచమంటారు, ఇంకొకరు సీసాలోంచి కొలిచి నైట్రేట్ పొయ్యమంటారు (డోసింగ్). ఎవరి మాట వినాలండీ?

రాళ్ళుప్పు:
ముందు జీఎఫ్ఓ తీసి పక్కన పెట్టండి, మిగతావి తర్వాత. కోరల్ కణాల్లో కాపురముండి దానికి తిండి చేసిపెట్టే జూక్సాంథెల్లా అనే సూక్ష్మ ఆల్గేకి నత్రజని, భాస్వరం రెండూ కావాలి. రెండు చేపలు వేసే కాస్త ఎరువునీ స్కిమ్మర్, జీఎఫ్ఓ లాగేస్తుంటే జీనియా ఏం తిని బతుకుతుంది? పాలిపోవడం ఆకలి లక్షణమే. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 దగ్గర నిలబెట్టండి. చేపల తిండి పెంచితే ఎంత చేరుతుందో లెక్క తెలియదు, అందుకే నా ఓటు డోసింగ్‌కి. ఇంకో మాట. వాటర్ చేంజులు పెంచారంటే ఆ సున్నా ఇంకా గట్టిపడుతుంది, చెప్పినవాళ్ళు ఏం ఆలోచించి చెప్పారో మరి.

నత్తగుల్ల:
అన్నా, మూడు నెలల ట్యాంకులో సీసా పట్టుకుని డోసింగా? కొత్త రాళ్ళ మీద బ్యాక్టీరియా ఇంకా కుదురుకోలేదు. డ్రై రాక్ మొదట్లో ఫాస్ఫేట్‌ని పీల్చుకుంటుంది, తర్వాత తిరిగి వదులుతుంది కూడా. ఈరోజు పోసింది రేపు ఎక్కడ తేలుతుందో చెప్పలేం. పైగా టెస్ట్ కిట్ సున్నా అంటే నీళ్ళలో లేదని మాత్రమే, ట్యాంకులో లేదని కాదు. గాజు మీద ఆల్గే పేరుకుంటోందా? పేరుకుంటుంటే పోషకాలు ఉన్నట్టే, మీ కోరల్స్ కన్నా ముందు అది తినేస్తోంది.

లెదర్ మైనంలా మెరవడం రోగం కాదు. పైపొర వదులుస్తోంది. కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాలు కూడా అలాగే ఉంటుంది. వేవ్‌మేకర్ (అలలు పుట్టించే పంపు) నీటి ప్రవాహాన్ని కొంచెం అటు తిప్పితే పొర త్వరగా ఊడిపోతుంది. చేత్తో గీకకండి.

రాళ్ళుప్పు:
లెదర్ సంగతి ఒప్పుకుంటా. కానీ ఒక్క లెదరే ముడుచుకుంటే వేరు, మూడు రకాలూ ఒకేసారి ముడుచుకున్నాయి కదా. దానికేమంటావు? పైగా పోషకాలు అడుగంటిన కొత్త ట్యాంకుల్లో డైనోలు (డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు) ఎక్కువగా పుడతాయి. బుడగలతో తీగల్లా సాగే గోధుమరంగు జిగురు ఒకసారి పట్టిందంటే ఈ చర్చ మొత్తం మర్చిపోతారు. (ఇసుక మీద పొడిలా ఉండేది డయాటమ్ అనే వేరే ఆల్గే, దాని గురించి భయం లేదు, అదే పోతుంది.)

అలలవాడు:
ఇద్దరూ నీటిలోనే మునిగారు, లైటు సంగతి ఎవరూ అడగలేదు! తెల్లగవ్వ గారూ, ఎంత శాతంలో నడుపుతున్నారు? ఈ మూడింటికీ 50 నుంచి 150 పార్ (కోరల్స్‌కి పనికొచ్చే వెలుతురు కొలత) చాలు. చాలా ఎల్ఈడీలు పూర్తిగా పెంచితే పై రాళ్ళ దగ్గర అంతకు చాలా ఎక్కువ కొడతాయి. తిండి లేని చోట ఎండ ఎక్కువైతే పాలిపోవడం ఇంకా తొందరగా జరుగుతుంది. కాబట్టి రాళ్ళుప్పు మాట నిజమే అయినా లైటు తగ్గించడం ముందు.

ఇంకొకటి, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని దేనితో సరిచూశారు? ఉప్పులేని ఆర్ఓ నీళ్ళతో సున్నా పెట్టేసి ఊరుకుంటే 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల ఉప్పు) దగ్గర తేడా చూపొచ్చు. 35 పీపీటీ ద్రావణంతోనే చూడాలి. జోయాంథిడ్లని రాత్రి టార్చ్ వేసి వెతకండి, వాటిని తినే నూడిబ్రాంక్‌లు (గుల్లలేని సముద్రపు నత్తలు) వాటి రంగులోనే ఉంటాయి. పట్టుకునేటప్పుడు గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. కొన్ని జోయాంథిడ్లలో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది, సరదా కాదు.

తెల్లగవ్వ:
లైటు 80 శాతం. జీనియా పైరాయి మీదే ఉంది. గాజు మీద ఆల్గే అస్సలు లేదు, వారమైనా తుడవాల్సిన పని రావట్లేదు. రాత్రి వెతికాను, పురుగులేమీ కనబడలేదు. ద్రావణం తెప్పిస్తున్నాను.

నత్తగుల్ల:
గాజు అంత శుభ్రంగా ఉందంటే సరే, ఆకలి అనే మాట నేనూ ఒప్పుకుంటా. అయినా సీసా వద్దనే అంటా. జీఎఫ్ఓ ఆపండి, స్కిమ్మర్ రాత్రిపూట మాత్రమే నడపండి, చేపలకి రోజుకి రెండుసార్లు ఫ్రోజెన్ తిండి పెట్టండి. చేపల వ్యర్థంలో వచ్చే అమ్మోనియాని కోరల్స్ నేరుగా వాడుకుంటాయి, సీసాలో నైట్రేట్‌కి ఆ సుఖం లేదు. నీటిని వడకట్టే యాక్టివేటెడ్ కార్బన్ ఉంటే అది మాత్రం ఆపొద్దు. లెదర్ వదిలే టెర్పీన్లు అనే రసాయనాలు పక్క కోరల్స్‌ని ఇబ్బంది పెడతాయి, వాటిని పట్టేది అదే.

రాళ్ళుప్పు:
తిండి పెంచినా ఫాస్ఫేట్ సున్నా దగ్గరే ఉండి నైట్రేట్ ఒక్కటే పెరిగిందనుకో, అప్పుడు? భాస్వరం కరువు కోరల్‌కి ఇంకా చెడ్డది. వారానికోసారి రెండూ కొలవండి. రెండు వారాల్లో ఫాస్ఫేట్ కదలకపోతే మాత్రం సీసా తియ్యక తప్పదు.

అలలవాడు:
అన్నీ ఒకేరోజు మార్చకండి బాబూ, ఏది పనిచేసిందో తెలియదు. ఈరోజు జీఎఫ్ఓ ఆపి, జీనియాని కిందికి దించండి. లైటు వారం రోజుల్లో మెల్లగా 50 శాతానికి తేండి.

తెల్లగవ్వ:
జీఎఫ్ఓ తీసేశాను, జీనియా ఇసుక దగ్గరికి వచ్చింది. ముందు తిండి, డోసింగ్ తర్వాత. ఆదివారం రీడింగులు ఇక్కడే పెడతాను.