4కే సినిమా: నెట్టులో వచ్చేదానికీ డిస్కులో ఉండేదానికీ తేడా నిజంగా కనిపిస్తోందా?

అమలాపురం అరుగు:
దసరాకు 65 అంగుళాల 4కే టీవీ కొన్నాను. ఇంటికి 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది, ఓటీటీలో పై ప్లానే తీసుకున్నాను. అయినా చీకటి సన్నివేశం వచ్చేసరికి ఆకాశం నునుపుగా ఉండడం లేదు. వరద తీసిన లంకలో ఒండ్రు మీద మిగిలే చారల్లాగా మెట్లుమెట్లుగా కనిపిస్తోంది. పగటి దృశ్యాలకు వంక పెట్టడానికి లేదు. మా బావమరిది టీవీదే లోపమంటున్నాడు, టీవీ అమ్మినవారు నెట్టుదే లోపమంటున్నారు. 4కే బ్లూరే డిస్కు ప్లేయరు వాడుతున్నవారు ఎవరైనా ఉంటే, దాని మీద డబ్బు పెట్టడం సబబేనా అన్నది చెప్పగలరని కోరుతున్నాను.

భీమవరం గట్టు:
టీవీనీ నెట్టునూ అనుమానించే ముందు ఒక లెక్క చూడండి. ఓటీటీలో 4కే చిత్రం గంటకు సుమారు 7 జీబీ లాగుతుంది, అంటే రెండున్నర గంటల సినిమాకు పదిహేడు, పద్దెనిమిది జీబీ. అదే సినిమాను 66 జీబీ డిస్కులో నిండుగా పెడితే దానికి మూడున్నర రెట్లు దాటుతుంది. రెండింటిలోనూ ఉన్నవి 3840 x 2160 చుక్కలే, కుదింపుకు వాడేది కూడా చాలావరకు ఒకే హెచ్‌ఈవీసీ పద్ధతి. అయితే తక్కువ చోటులో కుక్కాలంటే దేన్నో ఒకదాన్ని వదులుకోవాలి కనుక, కంటికి అంతగా ఆనవని లెక్కగట్టి నీడల్లోని సన్నని తేడాలనే ముందుగా తీసేస్తారు. పగలు బాగుండి రాత్రి చెడడానికి కారణం అదే. మీకు 100 ఎంబీపీఎస్ ఉన్నా, అవతలివారు పంపేది పదిహేనో పదహారో అయినప్పుడు మిగిలినదంతా ఖాళీగా ఉంటుంది. కాలువ ఎంత వెడల్పున్నా, లాకు దగ్గర వదిలిన నీరే కదండీ మన చేనుకు వచ్చేది!

నేను మూడేళ్లుగా ప్లేయరు వాడుతున్నాను. 100 జీబీ డిస్కులైతే 128 ఎంబీపీఎస్ వరకూ అందిస్తాయి. మొదటి నెల మాత్రం డిస్కు బొమ్మ వెలవెలబోయినట్టు కనిపిస్తుంటే, డబ్బు దండగైందని ఇంట్లో మాట పడ్డాను. చివరికి తేలినదేమంటే, టీవీలో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకు పూర్తి సిగ్నల్‌ను అనుమతించే సెట్టింగును నేనే ఆన్ చేయలేదు, అందువల్ల హెచ్‌డీఆర్ (వెలుగునీడలను, రంగులను మరింత విస్తారంగా చూపే పద్ధతి) రాలేదు. కొన్న రోజునే అది చూసుకోండి. మా వైపు రొయ్యల చెరువుల ఏరేటర్లన్నీ ఒక్కసారి ఆన్ అయినప్పుడు వోల్టేజీ పడిపోతుంది కనుక, ప్లేయరును స్టెబిలైజరు మీదే ఉంచాను.

రాజోలు కేబులు:
నేను ఇంటింటికీ కేబులు వేసి బతికేవాణ్ణి, కాబట్టి నెట్టు పక్షాన ఒక మాట. డిస్కుకు సంక్రాంతి లేదు, నెట్టుకు ఉంది. భోగి సాయంత్రానికి హైదరాబాదు నుంచీ విదేశాల నుంచీ వచ్చిన పిల్లలతో ప్రతి ఇంట్లో పది ఫోన్లు చేరతాయి. అప్పుడు యాప్ మీకు చెప్పకుండానే 4కే నుంచి 1080కి, అంటే నాలుగో వంతు చుక్కలకు, దిగిపోతుంది, మీరేమో 4కే చూస్తున్నామనుకుంటారు. గాలివాన వస్తే కొబ్బరి మట్ట ఒక్కటి పడినా తీగ తెగుతుంది.

కానీ నేను చూసిన ఫిర్యాదులలో సగానికి పైగా రూటరును వంటింటి అటక మీద పెట్టడం వల్ల వచ్చినవే. టీవీకి 5 గిగాహెర్ట్జ్ వైఫై అందేలా చూడండి, లేదా నేరుగా తీగ లాగండి. టీవీలలో చాలావాటికి ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే ఉంటుంది, ఓటీటీకి అది చాలు. మరొక సంగతి: సోఫా పన్నెండు అడుగుల దూరంలో ఉంటే, 65 అంగుళాల తెర మీద 1080కీ 4కేకీ వివరాలలో తేడా పట్టడం కష్టం. చారలు మాత్రం ఎంత దూరానికైనా కనిపిస్తాయి, ఆ విషయంలో భీమవరం వారితో నాకు తగాదా లేదు.

నరసాపురం తీరం:
డిస్కులు కొనేవారికి సముద్రం దగ్గరివాడిగా ఒక హెచ్చరిక. రెండు వర్షాకాలాలు చెక్క బీరువాలో ఉంచిన నా డిస్కులలో నాలుగింటి మీద బూజు పట్టింది. దీపానికి అడ్డంగా పట్టుకుంటే సాలెగూడు ముక్కలా తెల్లటి పోగులు కనిపించాయి. ఒకటి గంటా పది నిమిషాల దగ్గర ఆగి, ముక్కలు ముక్కలుగా ఆడి, మళ్ళీ సాగేది. చల్లటి నీటిలో ఒక చుక్క సబ్బు కలిపి, మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడిచాను. గుండ్రంగా తుడవకూడదు, ఆ దిశలో పడిన గీతను లేజరు దాటలేదు. మూడు బతికాయి. ఇప్పుడు మూత బిగుతైన డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచుతున్నాను.

పాలకొల్లు పాత బొమ్మ:
అందరూ బొమ్మ గురించే రాస్తున్నారు కానీ, నన్ను డిస్కు వైపు లాగింది శబ్దం. డిస్కులో ట్రూహెచ్‌డీ వంటి ఏ నష్టమూ లేని శబ్దం ఉంటుంది. ఓటీటీలో అట్మోస్ (తల పైనుంచి కూడా శబ్దం వినిపించే పద్ధతి) అని రాసి ఉన్నా, అది డాల్బీ డిజిటల్ ప్లస్‌లో గరిష్ఠంగా 768 కేబీపీఎస్‌కు కుదించినదే. అయితే ప్లేయరును టీవీకి కలిపి, టీవీ నుంచి సౌండ్‌బార్‌కు పంపాలంటే రెండింటికీ ఈఆర్క్ (ఆ శబ్దాన్ని కుదించకుండా హెచ్‌డీఎంఐ తీగ మీద పంపే సౌకర్యం) ఉండాలి. అది లేని సౌండ్‌బార్‌తో డిస్కు కొనడం, వాసన తెలియనివాడికి పులస వండిపెట్టడమే.

ఇక చేదు సంగతులు. తెలుగు సినిమాలు ఈ డిస్కుల మీద దొరకడం చాలా అరుదు. నా దగ్గరున్న ఇరవైకి పైగా డిస్కులలో తెలుగుది ఒక్కటీ లేదు, అన్నీ బయటి దేశాల నుంచి తెప్పించినవే. ఈ 4కే డిస్కులకు ప్రాంతీయ తాళం లేకపోవడం ఒక్కటే మన అదృష్టం. పైగా 2016లో మొదలైన ఈ రకం ప్లేయర్లను తయారుచేసేవారు ఒక్కొక్కరే తప్పుకుంటున్నారు: ఒప్పో 2018లో, శాంసంగ్ 2019లో. డిస్కు డ్రైవు ఉన్న ప్లేస్టేషన్ 5 ఇంట్లో ఉంటే అదే ప్లేయరుగా పనికివస్తుంది, పీఎస్ 4 ప్రో మాత్రం ఈ డిస్కులను ఆడించదు. డిస్కు మీద 4కే అని ఉన్నంత మాత్రాన పొంగిపోనక్కరలేదు కూడా, చాలా సినిమాలు 2కేలో (అంటే దాదాపు 1080 వివరంతో) పూర్తయి తరువాత పెంచినవే.

అమలాపురం అరుగు:
అందరికీ కృతజ్ఞతలు. మా చెల్లెలి కొడుకు దగ్గర పీఎస్ 5 ఉందన్న సంగతి మీరు చెప్పేదాకా తట్టలేదు. ఒక మిత్రుడి దగ్గర డిస్కు అడిగి తెచ్చి, అదే సినిమాను ఓటీటీలోనూ పెట్టి, రాత్రి వేళ పడవ దృశ్యాన్ని రెండుసార్లు చూశాము. ఓటీటీలో లాంతరు చుట్టూ ఉన్న వెలుగు మూడు వలయాలుగా విరిగింది, డిస్కులో అది నీటి మీదికి నెమ్మదిగా కరిగిపోయింది. మా బావమరిది కూడా టీవీని తిట్టడం మానేశాడు. అయితే మా ఇంట్లో చూసేవి పదింటికి తొమ్మిది తెలుగు సినిమాలు కాబట్టి ప్లేయరు కొనడం లేదు. రూటరును అటక మీద నుంచి దించాను, రాజోలు వారు అన్నట్టే అది అక్కడే ఉండేది.