50 మి.మీ. హెడ్‌ఫోన్ డ్రైవర్లకు టేకు కప్పులు: లేత్ లేకుండా డ్రిల్ స్టాండ్‌తోనే కుదురుతుందా?

గోదారి_సౌండ్ అడిగారు:

అందరికీ నమస్కారం. ప్లాస్టిక్ కప్పులు పగిలిన క్లోజ్డ్ (కప్పు వెనక మూసి ఉండే) హెడ్‌ఫోన్ ఒకటి ఉంది. 50 మి.మీ. డ్రైవర్లు (లోపలి చిన్న స్పీకర్లు), హెడ్‌బ్యాండ్, యోకులు (కప్పులను హెడ్‌బ్యాండ్‌కు పట్టి ఉంచేవి) బాగున్నాయి. పాత గుమ్మం నుంచి తీసిన టేకు ఉంది, రంద పడితే 34 మి.మీ. మందం వస్తుంది. డ్రిల్ స్టాండ్, చదునైన అడుగుతో గుంట తీసే 51, 44 మి.మీ. ఫోర్స్‌ట్నర్ బిట్లు, గుండ్రంగా బిళ్ళ కోసే 76 మి.మీ. హోల్ సా ఉన్నాయి.

ముందు మామిడి చెక్కతో ఒక జత కోసి బిగించి చూశాను. గుంట లోతు డ్రైవర్ వెనక 22 మి.మీ. మూడు ఇబ్బందులు: బేస్ దాదాపు లేదు, పాటలో "స", "ష" చెవిలో గుచ్చుతున్నాయి, చెక్క అంచు దగ్గర రంధ్రం పక్కకు జరిగింది. టేకు ముట్టుకునే ముందు ఏ పని తర్వాత ఏది చేయాలో, ఎక్కడ తప్పుతుందో చెప్పండి. రోజ్‌వుడ్ అయితే ధ్వని ఇంకా బాగుంటుందా?

చేవకర్ర జవాబు:

రంధ్రం జరగడానికి కారణం వరస. ఫోర్స్‌ట్నర్ బిట్ మధ్యలో ఉన్న ముల్లు గట్టి చెక్కలో దిగితేనే బిట్ నిలబడుతుంది. ముందు 44 కొడితే 51 ముల్లుకు పట్టు ఉండదు. అందుకే ఎప్పుడూ పెద్దది ముందు, చిన్నది తర్వాత.

ఇంకో ముఖ్యమైన సంగతి, గుండ్రంగా కోయడం ఆఖరి పని. చెక్క చతురస్రంగా ఉన్నంతసేపే క్లాంపుకు సరిగ్గా దొరుకుతుంది. నేనైతే ఇలా చేస్తాను: హోల్ సాతో పై ముఖం మీద 5 మి.మీ. లోతు గాడి మాత్రమే పెట్టండి. దాని మధ్యలో ఉండే సన్న పైలట్ బిట్ చేసిన రంధ్రంలో అదే మందం కర్ర మేకు జిగురుతో కొట్టి ఆరనివ్వండి. ఆ రంధ్రం ఎలాగూ గుంటలో కలిసిపోతుంది, ఫోర్స్‌ట్నర్ ముల్లుకు మాత్రం పట్టు దొరుకుతుంది. తర్వాత 51తో 6 మి.మీ., క్లాంపు కదపకుండా బిట్ మార్చి 44తో ఇంకో 22 మి.మీ. అడుగున 6 మి.మీ. మిగులుతుంది. ముల్లు బిట్ కన్నా కొన్ని మి.మీ. ముందుకు ఉంటుంది కాబట్టి అడుగు ఇంతకన్నా పల్చన చేస్తే కప్పు బయట చుక్క పడుతుంది. చివరగా హోల్ సా నుంచి పైలట్ తీసేసి, ముందు పెట్టిన గాడిలోనే దించండి. గాడే దారి చూపిస్తుంది, కప్పు వీపు మీద రంధ్రం పడదు.

వేగం 400–500 ఆర్‌పీఎం చాలు. ప్రతి 3–4 మి.మీ.కి పైకి లేపి పొట్టు దులపండి, లేదంటే టేకు మాడి నల్లబడుతుంది. హోల్ సా మీద రాసిన 76 బయట కోసే రంధ్రం కొలత. లోపల మిగిలే బిళ్ళ సుమారు 71 మి.మీ. ఉంటుంది. చెవికి ఆనే ప్యాడ్ సైజు దాన్ని బట్టి చూసుకోండి.

మైక్రోపోర్ జవాబు:

బేస్ సంగతి నేను చెబుతాను. పాట నడుస్తుండగా రెండు కప్పులనూ అరచేతులతో చెవులకు గట్టిగా అదమండి. బేస్ తిరిగొస్తే గాలి ప్యాడ్ దగ్గర తప్పించుకుంటోంది. రాకపోతే ఒక డ్రైవర్ తీగలు తారుమారై ఉండొచ్చు. రెండు వైపులా ఒకేలా వచ్చే (మోనో) గొంతు తల మధ్యలో కాకుండా ఎటో చెదిరినట్టు వినిపించినా అదే గుర్తు. 1.5 వోల్టుల సెల్ తీగలను క్షణం తగిలించి తీయండి, ప్లస్ ఒకే వైపు పెట్టినప్పుడు రెండు డయాఫ్రాలూ (డ్రైవర్‌లో కంపించే పల్చటి పొరలు) ఒకే దిక్కుకు కదలాలి.

ప్యాడ్ అంచు పట్టుకోవడానికి లేత్ మీద గాడి తీస్తారు. మీకు ఆ అవసరం లేదు. 3 మి.మీ. ప్లైవుడ్‌తో 77 మి.మీ. బిళ్ళ కోసి, మధ్యలో 40 మి.మీ. రంధ్రం చేసి కప్పు ముందు బిగించండి. చుట్టూ 3 మి.మీ. బయటికి వస్తుంది, ప్యాడ్ తోలు దాని వెనక్కి తగులుకుంటుంది. డ్రైవర్ అంచుకూ బిళ్ళకూ మధ్య 1 మి.మీ. ఫోమ్ రింగు పెట్టండి. కేబుల్ దూరిన రంధ్రం కూడా మూయాలి, అక్కడి సందు చాలామంది కంటపడదు.

"స" గుచ్చడం: డ్రైవర్‌కు ఎదురుగా, సమాంతరంగా 22 మి.మీ. దూరంలో చదునైన గోడ ఉంటే ధ్వని అటూ ఇటూ కొట్టుకుని సుమారు 7,800 హెర్ట్జ్ దగ్గర పెరుగుతుంది. సరిగ్గా "స" ఉండే చోటు. అడుగున ఒక వైపు 2, ఇంకో వైపు 6 మి.మీ. ఉండేలా ఏటవాలుగా అరగదీసిన కార్కు అంటించి, దాని ముందు అర గ్రాము పాలిస్టర్ దూది విప్పి పరచండి. దూది కూరితే మాత్రం బేస్ మొద్దుబారుతుంది. రెండు కప్పుల్లోనూ తూకం వేసి ఒకేలా పెట్టండి.

కప్పు చెవికి అదిమినప్పుడు డయాఫ్రం పటపటమంటే ముందు వైపు గాలికి దారే లేదని అర్థం. బిళ్ళలో 1 మి.మీ. రంధ్రం పెట్టి మందుల షాపులో దొరికే కాగితపు టేపు అంటిస్తే చాలు.

లక్కపాలిష్ జవాబు:

చెక్క జాతి గురించి అందరూ అడుగుతారు. క్లోజ్డ్ కప్పులో ధ్వనిని నిర్ణయించేవి ప్యాడ్, గాలి బిగింపు, గుంట ఆకారం, దూది. జాతి తేడా వాటి తర్వాతే, అదీ చాలా తక్కువ. గ్రాడో ఆర్‌ఎస్1 అనే హెడ్‌ఫోన్ మహోగనీ కప్పులు చూసి చాలామంది చెక్కకే పేరు పెడతారు కానీ అది ఓపెన్ (వెనక తెరిచి ఉండే) డిజైన్, మీ లెక్క వేరు. బరువు తేడా మాత్రం నిజంగా తెలుస్తుంది. పైన చెప్పిన కొలతలకు టేకు కప్పు 58 గ్రాములు, రోజ్‌వుడ్ 75 గ్రాములు పడుతుంది. రెండు వైపులా కలిపి 30 గ్రాములకు పైగా తల మీద అదనం. టేకే మంచిది. ఎర్రచందనం ముక్క దొరికిందని ఎవరైనా ఇస్తే తీసుకోకండి, అనుమతి పత్రాలు లేకుండా దగ్గర ఉంచుకుంటే కేసు అవుతుంది.

ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర తేలిక, నునుపు. లేత్ దొరికితే దానికి లక్క వేడి మీద భలే పడుతుంది. కానీ మెత్తన, స్క్రూ పట్టు తక్కువ.

టేకులో సహజంగా నూనె ఉంటుంది. ఎపాక్సీ పూసే చోట ముందు అసిటోన్‌తో తుడిచి, ఆరగానే అంటించండి, లేదంటే కొన్నాళ్లకు ఊడుతుంది. కోసిన కప్పును వెంటనే పాలిష్ చేయకుండా రెండు వారాలు నీడలో ఉంచండి. చెక్క అడ్డంగా ఎక్కువ, పొడవునా చాలా తక్కువ కుంచించుకుంటుంది కాబట్టి గుండ్రని రంధ్రం కొంచెం అండాకారం అవుతుంది. డ్రైవర్ పట్టకపోతే అప్పుడు అరగదీయొచ్చు. పాలిష్ లోపలా బయటా రెండు వైపులా వేయాలి. బయట ఒక్కటే వేస్తే వానాకాలంలో తేమ లోపలి నుంచే ఎక్కి కప్పు వంగుతుంది. అవిసె నూనె వాడితే ఆ గుడ్డలను ముద్ద చేసి పడేయకండి, వాటంతటవే వేడెక్కి మంటపట్టగలవు. విడిగా ఆరేయండి.

గోదారి_సౌండ్:

చాలా థాంక్సండీ. యోకుకు స్క్రూ నేరుగా చెక్కలోకి బిగించొచ్చా?

చేవకర్ర జవాబు:

వద్దండి. కప్పు తిరిగిన ప్రతిసారీ చెక్కలో పడ్డ మర అరుగుతుంది, అంచు దగ్గర చెక్క చీలుతుంది. ఎం3 ఇత్తడి ఇన్సర్టు (చెక్కలో దిగే, లోపల 3 మి.మీ. స్క్రూకు మర ఉన్న చిన్న గొట్టం) పెట్టండి. రంధ్రం సైజు ఇన్సర్టు ప్యాకెట్ మీద ఉన్నదే తీసుకుని, ముందు మిగిలిన టేకు తుంటలో ఒకటి బిగించి చూడండి. టేకు గట్టిగా పడితే 0.1–0.2 మి.మీ. పెద్ద బిట్ వాడండి. స్క్రూ కొన గుంటలోకి పొడుచుకురాకుండా పొడవు ముందే కొలుచుకోండి. డ్రైవర్లు మాత్రం ఈ పనులన్నీ అయ్యేదాకా మూత ఉన్న డబ్బాలో, బల్లకు దూరంగా పెట్టండి. ఇనుప పొట్టు ఒక్క రేణువు అయస్కాంతం సందులో దూరినా గీరుడు శబ్దం వస్తుంది, అది తీయడం దాదాపు అసాధ్యం. పాలిష్‌కు స్టీల్ ఊల్ వాడుతుంటే మరీ జాగ్రత్త.

మైక్రోపోర్ జవాబు:

సోల్డర్ విషయంలో ఒక్క మాట. పాత కేబుల్ తీగలకు ఎనామిల్ పూత ఉంటుంది, రాగిలా కనిపించినా టంకం పట్టదు. కొనను ఫ్లక్స్‌లో ముంచి 370 డిగ్రీల దగ్గర టంకం బొట్టులో కాసేపు ఉంచితే పూత కాలి తెల్లగా మెరుస్తుంది. డ్రైవర్ వైపు మాత్రం రెండు సెకన్లు దాటకండి, టెర్మినల్ కింద ఉన్న ప్లాస్టిక్ మెత్తబడి డయాఫ్రాన్ని కదిపే తీగచుట్ట (వాయిస్ కాయిల్) నుంచి వచ్చే వెంట్రుక లాంటి తీగ తెగిపోతుంది.