"ఛాయపోలిక గుజన సజ్జనుల మైత్రి": సాయంత్రపు నీడ ఎవరిది?

అడిగినవారు:
చిన్నప్పుడు బట్టీ పట్టిన ఏనుగు లక్ష్మణకవి పద్యం. ఇప్పుడు చదివితే రెండు చోట్ల ఆగిపోయాను.

మొదలు జూచిన గడుగొప్ప పిదప గురుచ
యాది గొంచెము తర్వాత నధికమగుచు
తనరు దినపూర్వ పరభాగ జనితమైన
ఛాయపోలిక గుజన సజ్జనుల మైత్రి

అసలు "గుజన" అనే మాట ఉందా? పైగా నీడ పొద్దునా పొడుగే, సాయంత్రమూ పొడుగే. మరి చెడ్డవాడికీ మంచివాడికీ తేడా ఎక్కడ?

జవాబు:
మాట కుజనే, చెడ్డవాడని అర్థం. "పోలికన్" అనే ద్రుతాంతం (చివర న్ ఉన్న మాట) మీద క వచ్చింది కాబట్టి సరళాదేశంతో, అంటే క గ గా మారే సంధితో, గ అయింది. "పిదప గురుచ"లోనూ అంతే, అసలు మాట కురుచ.

రెండోది కాస్త నిదానంగా చూడాలండీ. మొదటి పాదం, దినపూర్వభాగం, కుజనుడు ఒక జత. రెండో పాదం, పరభాగం, సజ్జనుడు ఇంకో జత. వరసలోనే కలుపుకోవాలి, దీన్నే క్రమాలంకారం అంటారు. పొద్దుటి నీడ పుట్టడమే పొడుగ్గా పుట్టి, మధ్యాహ్నానికి కాళ్ళ దగ్గరికి కుంచించుకుపోతుంది. ఆ తర్వాతది కాళ్ళ దగ్గర మొదలై సాగుతూ పోతుంది. తొమ్మిదింటి నీడనీ మూడింటి నీడనీ కొలిస్తే దాదాపు ఒకటే. ఒక్కసారి చూసి ఏది పెరిగేదో, ఏది తరిగేదో చెప్పలేం. కాసేపు ఆగి మళ్ళీ చూడాలి.

మూలం సంస్కృత కవి భర్తృహరిది. అక్కడ "ఆరంభగుర్వీ" (మొదట పెద్దది), "లఘ్వీ" (చిన్నది) అని ఉంటుంది. ఛాయ, మైత్రి రెండూ సంస్కృతంలో స్త్రీలింగాలు కనక ఆ విశేషణాలు రెండింటికీ అతుకుతాయి. తెలుగులో ఆ వీలు లేదు, కానీ మన కవికి "గొప్ప" దొరికింది. పొడుగు అనీ అర్థమే, ఘనం అనీ అర్థమే. చెడ్డ స్నేహం మొదట్లో నిజంగానే గొప్పగా ఉంటుంది మరి! (అన్నట్టు, 1, 3 పాదాల్లో ప్రాసయతి, అంటే యతి చోట రెండో అక్షరాలు కలవడం, గమనించారా? మొదలు–పిదప, తనరు–జనిత.)

ఇంకొకరు:
ఈ పద్యంతో అందరం ఎదుటివాళ్ళనే తూస్తాం. నాకు మాత్రం మన మీదే వేసుకోవాలనిపిస్తుంది. కొత్తలో "కాస్త మంచినీళ్ళు ఇస్తారా?" అంటాం. కొన్నాళ్ళకి "నీళ్ళివ్వు". పదేళ్ళయ్యాక తల కూడా ఎత్తకుండా "నీళ్ళు!". బయటివాళ్ళ దగ్గర మర్యాద ఎప్పుడూ పొద్దుటి నీడంత ఉంటుంది, ఇంట్లోవాళ్ళకి మిట్టమధ్యాహ్నం.

జవాబు:
"మీరు" పోయి "నువ్వు" రావడం చనువండీ, తరుగుదల కాదు.

ఇంకొకరు:
చనువు సరే, నేనంటున్నది చులకన గురించి. "నువ్వు" అంటూనే తల ఎత్తి అడగొచ్చుగా.

మరొకరు:
పోలిక బాగుంది గానీ నాకో అభ్యంతరం. నీడ తన ప్రమేయం లేకుండా పెరుగుతుంది, పొద్దు వాలితే చాలు. మంచితనం అలా పెరగదు. వయసు మీద పడ్డవాళ్ళకి తెలుగులో రెండు మాటలున్నాయి చూడండి. "తలపండినవాడు" అంటే గౌరవం, "ముదురు" అంటే జాగ్రత్తగా ఉండమని. గడిచిన ఏళ్ళు ఇద్దరివీ అవే.

నేను పనిచేసిన చోట ఒక పెద్దాయన ఉండేవారు. వయసులో ఉన్నప్పుడు ఆయన అరిస్తే పక్క గదికి వినిపించేదట. నాకు తెలిసేనాటికి, కోపం వస్తే కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని అప్పుడు మాట్లాడేవారు. ఒక్కోసారి అద్దాలు తుడవడం చాలాసేపు పట్టేది, మాకు టెన్షన్! ఆయన రిటైరయ్యే ఏడాదికి జోడు తీయడం కూడా మానేశారు. ఇది పొద్దు వాలడం వల్ల వచ్చింది కాదు, ఎన్నేళ్ళో అద్దాలు తుడిస్తే వచ్చింది.

అడిగినవారు:
ఆ అభ్యంతరం నిజమే. అయినా ఇంకోటి తట్టింది. "గడుగొప్ప, పిదప గురుచ" అన్న మాటల్లో క్రియే లేదు, రెండు ముక్కల్లో కథ ముగిసిపోయింది. సజ్జనుడి పాదానికి వచ్చేసరికి "అధికమగుచు". ఆ "చు" శత్రర్థకం (జరుగుతున్న పనిని చెప్పే రూపం) కదా, పని ఇంకా జరుగుతూనే ఉంది.

జవాబు:
అన్వయం చెప్పేటప్పుడు మొదటి పాదానికి కూడా "అగుచు" తెచ్చుకోవాలండీ, లేకపోతే వాక్యం కుదరదు. చెవికి వినిపించేది మాత్రం మీరన్నదే.